అర్జీకి తెరవని తలుపు రాయికి తెరుచుకుంటే

గుంటూరు, పల్నాడు, ఎన్టీఆర్ జిల్లాల కలెక్టర్లకు, ఎస్పీలకు, విజయవాడ పోలీసు కమిషనరు గారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నిరసనలు, అసమానతలు, అంతర్యుద్ధాలు, వాటి తర్వాత జరిగే శాంతి ప్రయత్నాల గురించి చదువుతూ, పాఠాలు చెబుతూ, ఊరి తగాదాల్లో ఇరుపక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టే పని చేస్తున్న కొద్దిమందిమి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఏ పార్టీ తరఫునా రాయటం లేదు, ఏ ఒక్క అధికారి మీదా ఫిర్యాదు చెయ్యటం లేదు. గుంటూరులోనో బెజవాడలోనో అంతర్యుద్ధం ముంచుకొస్తుందని భయపెట్టే ఉద్దేశం అసలే లేదు. మేం చెప్పదలుచుకున్నది ఒక్కటే. నిరసన రక్తపాతంగా మారిన చోటల్లా ఆ మలుపు వీధిలో కంటే ముందు ఆఫీసులో తిరిగింది. ఏ అర్జీకి జవాబు వచ్చింది, ఏది బుట్టదాఖలైంది, ఏ విచారణ నివేదిక బీరువాలో ఉండిపోయింది, ఏ ఒప్పందాన్ని సంతకం ఆరకముందే చించేశారు, వీటి దగ్గర తిరిగింది. ఆ పనులు మీ చేతుల్లో ఉన్నవే గనుక మీకే రాస్తున్నాం.

ఒక ఇంటి సంగతితో మొదలుపెడతాం. 1968 జూన్‌లో ఉత్తర ఐర్లండ్‌లో కాలెడన్ అనే చిన్న ఊళ్లో ప్రభుత్వ ఇల్లు ఒకటి కేటాయించారు. పిల్లాజెల్లాతో ఎదురుచూస్తున్న క్యాథలిక్ కుటుంబాలను పక్కనబెట్టి, పెళ్లికాని 19 ఏళ్ల ప్రొటెస్టెంటు యువతికి ఇచ్చారు. నిరసనగా ఆ ఇంట్లోకి వెళ్లి కూర్చున్నవాళ్లను పోలీసులు బయటికి ఈడ్చారు. రెండు నెలలు దాటగానే మొదటి ఊరేగింపు బయలుదేరింది. అక్టోబరు 5న డెర్రీలో జరిగిన ఊరేగింపు మీద లాఠీలు విరిగాయి. వాళ్లు అడిగిందేమిటంటే ఇళ్ల కేటాయింపులో న్యాయం, స్థానిక ఎన్నికల్లో మనిషికో ఓటు. అప్పట్లో అక్కడ మునిసిపల్ ఓటు ఇంటి పన్ను కట్టేవాడికే ఉండేది, అద్దె గదుల్లో ఉండేవాడికి ఉండేది కాదు. 1972 జనవరి 30న అదే డెర్రీలో సైనికులు ఊరేగింపు మీద కాల్పులు జరిపి 13 మందిని అక్కడికక్కడే చంపారు. మూడు నెలలు దాటకుండానే ఒక విచారణ సైనికులను వెనకేసుకొచ్చింది. చనిపోయినవాళ్ల వల్ల ఎవరికీ ప్రాణాపాయం లేదని చెప్పిన నివేదిక రావటానికి 2010 జూన్ దాకా పట్టింది. ఈలోగా సాగిన హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు. ఆ 1972 ఒక్క ఏడాదిలోనే 450 మందికి పైగా పోయారు.

ఇళ్ల పట్టాల జాబితా, పథకాల జాబితా వార్డు సచివాలయం గోడకు అంటించే రోజు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఒకే మీటరు మీద మూడు వాటాలు అద్దెకున్న ఇల్లు ఉంటుంది. ముగ్గురి వాడకమూ కలిసి 300 యూనిట్లు దాటుతుంది. ముగ్గురి పేర్లూ అనర్హుల్లో పడతాయి. కంప్యూటరు వైపు తప్పేమీ కనపడదు. ఎదురు వీధిలో మేడ కట్టుకుని వాటాకో మీటరు పెట్టుకున్నవాళ్ల పేరు జాబితాలో ఉంటుంది. ఇలా ఒక్క ఇంటికి జరిగితే అది పొరపాటు. వీధి మొత్తానికి జరిగితే ఆ వీధివాళ్లు దాన్ని పొరపాటు అనుకోరు.

ఈ తేడా మీదే మా చదువంతా నిలబడి ఉంది. అసమానత పెరిగితే జనం తిరగబడతారని అందరూ అనే మాటలో సగమే నిజం. ధనిక పేద తేడాను ఒక్క అంకెలో కొలిచి అంతర్యుద్ధాల జాబితాతో పోల్చి చూసినప్పుడు పాల్ కోలియర్, ఆంకె హోఫ్లర్ వంటి ఆర్థికవేత్తలకు గట్టి లంకె కనపడలేదు. జనం బాధల కన్నా తిరుగుబాటుకు దొరికే డబ్బూ అవకాశమే ముఖ్యమని వాళ్లు తేల్చారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రాన్సిస్ స్టివార్ట్ ప్రశ్ననే మార్చి అడిగారు. మనిషికీ మనిషికీ మధ్య తేడాను వదిలేసి గుంపుకీ గుంపుకీ మధ్య తేడా చూడమన్నారు. కులం, మతం, భాష, ప్రాంతం పేరు మీద ఒక గుంపు మొత్తం భూమిలోనూ చదువులోనూ కొలువుల్లోనూ వెనక ఉండి, పాలనలో కూడా చోటు దొరకకపోతే, అప్పుడు ప్రమాదం పెరుగుతుందని తర్వాతి పరిశోధనలు కూడా చూపించాయి. ఎందుకో ఊహించటం కష్టం కాదు. నేనొక్కణ్నే చితికిపోతే నా ఖర్మ అనుకుంటాను. మా పేటలో ఇంటింటి కాగితం ఒకే కారణంతో వెనక్కి వస్తే, ఎవరో చేస్తున్నారనుకుంటాను. పక్కింటాయన కష్టం, నా కష్టం అప్పుడు ఒకటవుతాయి. సంఘం అక్కడ పుడుతుంది.

మన డెల్టాలో కౌలుదారు సంగతే చూడండి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు కార్డుకు 11 నెలల ఒప్పందం మీద భూ యజమాని సంతకం అడిగింది. సంతకం పెడితే పొలం మీద పేచీ వస్తుందేమోనని యజమానికి భయం. సంతకం లేక కార్డు లేదు, కార్డు లేక బ్యాంకులో పంట రుణం లేదు. వరదకు చేను మునిగితే నష్టం దున్నినవాడిది, పరిహారం పాసుపుస్తకం ఉన్నవాడిది. ఒక మండలంలో వేలమందికి ఒకే ముడి దగ్గర పని ఆగిపోతోందంటే, ఆ ముడి విప్పే అధికారం ఉన్నవాళ్లు దాన్ని వ్యవసాయ శాఖ ఫైలుగానే చూడకూడదు.

అందుకే మా మొదటి అభ్యర్థన చాలా చిన్నది. సోమవారం గ్రీవెన్స్‌లో వచ్చే అర్జీలన్నీ కంప్యూటర్లో ఎక్కుతున్నాయి. లెక్క మాత్రం శాఖలవారీగా తీస్తారు. రెవెన్యూ ఇన్ని, పోలీసు ఇన్ని, పరిష్కారం ఇంత శాతం అని. ఆ లెక్కలో ప్రమాదం కనపడదు. ఊరు, పేట, కారణం ఈ మూడింటివారీగా తీయించండి. మూడు నెలల్లో ఒకే పేట నుంచి ఒకే కారణం మీద పది అర్జీలు దాటితే, దాన్ని పది ఫైళ్లుగా పది సీట్లకు పంచకుండా, ఆ పేటకే ఒక అధికారిని పంపి అక్కడే కూర్చుని వినమనండి. రెండో సంగతి, అర్జీ ఎవరి మీదైతే వచ్చిందో వాళ్ల లాగిన్‌లోకే మళ్లీ పోకూడదు. సర్వేయరు కొలత తప్పని అర్జీ పెడితే, అది తిరిగి తిరిగి ఆ సర్వేయరు దగ్గరికే చేరుతుంది. 'విచారించి పరిష్కరించడమైనది' అని మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ చదువుకున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో ఒక సోమవారం కలెక్టరేటు మెట్ల పక్కన నిలబడి చూడండి. ఫోను మళ్లీ జేబులో పెట్టుకునే ముందు ఆ మెసేజ్‌ను పక్కవాళ్లకు చూపిస్తారు. చూపించటం, 'మాకూ ఇదే వచ్చింది' అని పక్కవాళ్లు తమ ఫోను తియ్యటం, ఆ రెండు నిమిషాల్లో ఒక అర్జీ ఉద్యమంగా మారుతుంది.

ఉద్యమం పుట్టటం ప్రమాదమేమీ కాదు. మేం దాన్ని ఆరోగ్యమనే అంటాం. జనం ఇంకా మిమ్మల్ని అడుగుతున్నారంటే మీరు ఇస్తారన్న నమ్మకం మిగిలి ఉన్నట్టు. ప్రమాదం ఎక్కడంటే, శాంతంగా అడిగినవాడికి దొరకనిది గొడవ చేసినవాడికి దొరికినప్పుడు. ఈ విషయంలో మన రాష్ట్ర చరిత్రే అన్నిటికంటే పెద్ద పాఠం.

పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేశారు. ఆ 58 రోజుల్లో రాని ప్రకటన, 1952 డిసెంబరు 15న ఆయన కన్నుమూసి, రైళ్లు ఆగి, ఊళ్లు అట్టుడికి, కాల్పుల్లో జనం చనిపోయాక నాలుగు రోజులకే వచ్చింది. డిసెంబరు 19న ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ చెప్పారు. ఆయన దీక్షలో ఉండగానే ఆ మాట చెప్పి ఉంటే దేశానికి ఏ పాఠం అందేదో ఒక్కసారి ఆలోచించండి.

శ్రీకాకుళం సంగతి ఇంకా బాధాకరం. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. గిరిజన సంఘం పెట్టి ఏళ్ల తరబడి అడిగినవి పాలేర్లకు కూలి, వెట్టి రద్దు, చింతపండుకు, అటవీ సరుకుకు సరైన ధర, షావుకార్ల చేతిలో పడిన భూమి వాపసు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు పోతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. 1968 నవంబరు నాటికి సాయుధ పోరాటం మొదలైంది. ఆ తర్వాత, 1970లో, గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పేరుకు మారకుండా కట్టుదిట్టం చేసిన 1/70 చట్టం వచ్చింది. మంచి చట్టం. అయితే అది ఏ వరసలో వచ్చిందో చూడండి. అర్జీలు, తర్వాత హత్యలు, తర్వాత నిర్దోషులన్న తీర్పు, తర్వాత తుపాకులు, అన్నిటికీ చివర చట్టం. 1/70ని పదేళ్ల ముందు ఇచ్చి ఉంటే ఆ పంతుళ్లు పంతుళ్లుగానే పదవీ విరమణ చేసేవారని మా నమ్మకం. ప్రభుత్వం దేనికి లొంగుతుందో జనం దాన్నే నేర్చుకుంటారు. ఈ వాక్యం కోసమే ఈ ఉత్తరమంతా రాస్తున్నాం.

మాట ఇచ్చి తప్పటం దీనికి తోబుట్టువు. శ్రీలంకలో 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్న చట్టం వచ్చినప్పుడు తమిళ నాయకులు చేసింది సత్యాగ్రహం. కొలంబో సముద్రతీరంలో కూర్చున్నవాళ్లను అల్లరిమూక కొట్టింది. 1957 జూలైలో ప్రధాని బండారనాయకె, తమిళ నేత చెల్వనాయకం ఒప్పందం చేసుకున్నారు. ప్రాంతీయ మండళ్లు, తమిళానికి గుర్తింపు అందులో ఉన్నాయి. మరుసటి ఏడాదే బౌద్ధ భిక్షువుల ఒత్తిడికి ప్రధాని దాన్ని రద్దు చేశారు. 1965లో మరో ప్రధానితో మరో ఒప్పందం, అదీ నీటిమీద రాతే అయింది. 1970-71లో వైద్య విద్యలో చేరటానికి సింహళ మాధ్యమం విద్యార్థికి 229 మార్కులు చాలితే, తమిళ మాధ్యమం విద్యార్థికి 250 కావాలన్నారు. ఆ 21 మార్కుల దగ్గర ఆగిపోయిన కుర్రాళ్లు చెల్వనాయకం గారి మాట ఇక వినలేదు. 'మీరు రెండుసార్లు సంతకాలు పెట్టించుకొచ్చారు, ఏమొచ్చింది?' అన్న ప్రశ్నకు ఆ పెద్దాయన దగ్గర జవాబు లేకుండా చేసింది ప్రభుత్వమే. 1983 జూలై మారణకాండ తర్వాత పూర్తి స్థాయిలో యుద్ధం రగిలి 2009 మే దాకా సాగింది.

ఇక పోలీసు అధికారులకు కొంచెం వివరంగా రాయాలి. మీ సిబ్బంది గంటల తరబడి ఎండలో నిలబడి, తిట్లు తిని, రాళ్లు తిని పనిచేస్తారని మాకు తెలుసు. అయినా పద్ధతిలో లోపం ఉంటే ఓపిక ఒక్కటే కాపాడలేదు.

గుంపు అంటే ఒకే బుర్ర ఉన్న జంతువని పాత నమ్మకం. స్టీఫెన్ రైషర్, క్లిఫర్డ్ స్టాట్ వంటి పరిశోధకులు బ్రిటన్‌లో అల్లర్లను దగ్గరగా చూసి దీన్ని తప్పని చూపించారు. ఒక ఊరేగింపులో బ్యానరు పట్టుకుని ముందు నడిచేది ఆడవాళ్లు, సంఘం పెద్దలు. పక్కల్లో సంఘంతో సంబంధం లేని కుర్రాళ్లు చేరతారు. రాయి వెనక నుంచి వస్తుంది. లాఠీ ముందువాళ్లకు తగులుతుంది. అప్పటిదాకా 'ఒరేయ్, ఆగండిరా' అని కుర్రాళ్లను వెనక్కి నెట్టిన పెద్దాయన తలకు కట్టుతో కింద కూర్చుంటాడు. అతని మాట వినే వాతావరణం అక్కడితో పోతుంది. అంతకుముందు వేర్వేరుగా ఉన్న నాలుగు రకాల జనం ఒక్క క్షణంలో ఒక్కటవుతారు, మీకు వ్యతిరేకంగా. అందరినీ ఒకేలా కొట్టటం వల్ల వచ్చే మొదటి నష్టం అదే.

దీనికి చెయ్యదగ్గ పనులున్నాయి. అనుమతి అడిగిన రోజే ఒక ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారిని మాట్లాడే మనిషిగా పెట్టి ఆయన ఫోను నంబరు సంఘానికి ఇవ్వండి. లాఠీచార్జి ఆర్డరు ఇచ్చే బాధ్యత ఆయనకు ఉండకూడదు. ఉంటే రేపు ఎవరూ ఆయన ఫోను ఎత్తరు. అనుమతి నిరాకరిస్తే కారణం రాసి, కనీసం 48 గంటల ముందు ఇవ్వండి. ముందురోజు రాత్రి పది గంటలకు వాట్సాప్‌లో వచ్చే నిరాకరణతో హైకోర్టుకు పోయే టైము కూడా ఉండదు. చట్టం దారి మూసేస్తే మిగిలేది రోడ్డు దారే. అలంకార్ సెంటర్ ధర్నా చౌక్ దగ్గర జనాన్ని చెదిరిపొమ్మని మైకులో చెబుతూ నాలుగు పక్కలా బారికేడ్లు పెడితే ఎటు పోతారు? ఒక సందు ఖాళీగా వదిలి, 'ఇటు వెళ్లండి, ఎవరినీ పట్టుకోం' అని తెలుగులో, మామూలు గొంతుతో, మూడుసార్లు చెప్పించండి. చెప్పాక వెళ్లటానికి వ్యవధి ఇవ్వండి. ముసలివాళ్లు ఉంటే ఆ వ్యవధి పెంచండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 148వ సెక్షను ముందు చెదిరిపొమ్మని ఆజ్ఞాపించాలంటుంది. ఆ ఆజ్ఞ వినపడిందో లేదో చూసుకోవటం కూడా అందులో భాగమేనని మేం అనుకుంటున్నాం. ఎన్నింటికి, ఎవరి నోటితో, ఎన్నిసార్లు చెప్పారో వీడియోలో ఉండాలి.

గృహ నిర్బంధం గురించి ఒక మాట. అదే సంహితలోని 170వ సెక్షను ముందస్తు అరెస్టుకు వీలిస్తుంది గానీ, నేరం చేసే పన్నాగం ఉందని, వేరే విధంగా ఆపలేమని తెలిసినప్పుడే, అదీ 24 గంటలకు మించకుండా. 'చలో విజయవాడ' అనగానే కోర్టు ఉత్తర్వు లేకుండా గుమ్మం ముందు ఇద్దరు కానిస్టేబుళ్లను కుర్చీలేసి కూర్చోబెట్టే పద్ధతి ఆ సెక్షనులో లేదు. చట్టం సంగతి అటుంచినా, ఇందులో మీకే నష్టం. ఇంట్లో ఆగిపోయేది జనానికి నచ్చజెప్పగల మనిషి. ఊరేగింపు ఆగదు, ఆ మనిషి లేకుండా సాగుతుంది. 2022 ఫిబ్రవరి 3న ప్రభుత్వ ఉద్యోగులు పీఆర్సీ (వేతన సవరణ) మీద చలో విజయవాడ పెట్టినప్పుడు ఎన్ని తనిఖీలు చేసినా జనం వచ్చారు, రోడ్డు నిండింది, శాంతంగానే వెళ్లారు. రెండు రోజులకే మంత్రుల కమిటీ కూర్చుని మాట్లాడింది, 7 నుంచి మొదలు కావాల్సిన సమ్మె ఆగింది. ఆ ఒప్పందం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. మాట్లాడేవాళ్లు బయట ఉండబట్టే మాట్లాడటం కుదిరింది.

జన రక్షణ పేరుతో సభలనే ఆపటమూ పరిష్కారం కాదు. 2022 డిసెంబరు 28న కందుకూరులో 8 మంది, 2023 జనవరి 1న గుంటూరులో ముగ్గురు తొక్కిసలాటల్లో చనిపోయారు. ఆ దుఃఖం ఇప్పటికీ పచ్చిగానే ఉంది. దాని తర్వాత రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ వచ్చిన జీవో 1ని హైకోర్టు ఆ ఏడాది మేలో కొట్టేసింది. ప్రాణాలు కాపాడేది లెక్క. చదరపు మీటరుకు నలుగురు దాటితే కదలిక కష్టమవుతుంది, ఆరుగురు దాటితే మనిషి తన కాళ్ల మీద తాను నిలబడలేడు, జనం అలలా ఊగుతారు. స్థలం కొలిచి, దారుల వెడల్పు చూసి, నిండగానే వెనక నుంచి రావటం ఆపే ఏర్పాటు ఉందా అని అడిగి అనుమతి ఇవ్వండి.

చంపటం, కొట్టటం జరిగాక ఏం చేస్తారన్నది అన్నిటికంటే లోతుగా నాటుకుంటుంది. సిరియాలో దరా అనే పట్నంలో 2011లో గోడల మీద ప్రభుత్వ వ్యతిరేక నినాదాలు రాసిన పిల్లలను పట్టుకుపోయి హింసించారు. వాళ్లను వదలమని మార్చి 18న వీధిలోకి వచ్చినవాళ్ల మీద కాల్పులు జరిగాయి. ఆ నాటికి జనం అడిగింది పిల్లల విడుదల, బాధ్యుల మీద చర్య. జూలై చివరికల్లా సైన్యం నుంచి విడిపోయిన అధికారులు సాయుధ దళం ప్రకటించారు. నాలుగు నెలలు పట్టింది, అంతే.

మన తెనాలి పక్కన చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న చిన్న గొడవ నుంచి సాంఘిక బహిష్కరణ దాకా నెల రోజులు ముదిరింది. ఊళ్లో పోలీసు పికెట్ ఉంది. ఉండి కూడా ఆపలేదు. ప్రత్యేక కోర్టు ఊళ్లోనే పెట్టటం గొప్ప అడుగు, కానీ తీర్పు 2007 జూలై 31న వచ్చింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. 23 ఏళ్లకు కథ మొదటికొచ్చింది. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం నియమాల్లో ఇప్పటికే మందు ఉంది. దర్యాప్తు 60 రోజుల్లో ముగియాలి. కలెక్టరు అధ్యక్షతన విజిలెన్స్ కమిటీ మూడు నెలలకు ఒక్కసారైనా కూర్చోవాలి. గొడవలు జరిగే అవకాశం ఉన్న ఊళ్లను ముందే గుర్తించాలని మూడో నియమం చెబుతోంది. 2015 సవరణతో సాంఘిక బహిష్కరణ కూడా నేరమైంది. బహిష్కరణ మొదలైన మూడో రోజున కేసు కట్టే అధికారి, ముప్పయ్యో రోజున జరగబోయే హత్యను ఆపినట్టే. కిరాణా కొట్టులో ఒక పేటవాళ్లకు సరుకు ఇవ్వటం లేదని, ఆటో ఎక్కించుకోవటం లేదని, పాలు పోయించుకోవటం లేదని కబురు వస్తే అదే గుర్తు. మీ ఇంటెలిజెన్స్ రిపోర్టులో నాయకుల కదలికల కంటే పైన ఈ గుర్తులు ఉండాలి.

శాంతి ఒప్పందాల గురించి, అవి మీ స్థాయి పని కాదనుకోకండి. 1997 నుంచి మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ గారి పౌర స్పందన వేదిక ఓపిగ్గా దారి వేస్తే, 2004 అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో ప్రభుత్వం, నక్సలైటు నేతలు ఎదురెదురుగా కూర్చున్నారు. జనవరి కల్లా చర్చలు విరిగాయి, 2005 ఆగస్టులో నక్సలైట్ల చేతిలో ఎమ్మెల్యే హత్య, వాళ్ల పార్టీ మీద నిషేధం. ముఖ్యంగా విరిగింది ఆయుధాల దగ్గర. దళాలు ఊళ్లలోకి ఆయుధాలతో రాకూడదని ప్రభుత్వం, వదలబోమని వాళ్లు. ఎవరు చూస్తారు, తప్పితే ఎవరు చెబుతారు అన్నదానికి ఇద్దరూ నమ్మే ఏర్పాటు కుదరలేదు. 2006లో నేపాల్‌లో అదే చిక్కుకు ఏం చేశారో చూడండి. మావోయిస్టుల ఆయుధాలను ఇనుప కంటైనర్లలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మావోయిస్టుల దగ్గరే ఉంచారు. కంటైనరుకు సైరను, లైటు, ఐక్యరాజ్యసమితి నిఘా ఉన్నాయి. తలుపు తీస్తే మోగుతుంది. సైన్యం కూడా అన్నే ఆయుధాలను అదే పద్ధతిలో తాళం వేసి పెట్టింది. ఎవరి గౌరవమూ పోలేదు, ఎవరూ ఎవరినీ గుడ్డిగా నమ్మనక్కర్లేకపోయింది. 13 వేలమందికి పైగా బలిగొన్న పదేళ్ల యుద్ధం అలా ఆగింది. అదే నేపాల్‌లో, నిజం తేల్చటానికి, గల్లంతైనవాళ్ల కోసం 2015లో పెట్టిన కమిషన్లు మాత్రం కుటుంబాలకు ఏళ్ల తరబడి జవాబు ఇవ్వలేకపోయాయి. తుపాకీకి తాళం వేయటం తేలికైంది, నిజం తాళం తీయటం కష్టమైంది.

మన చర్చల్లో ఒక మంచి మొక్క మొలిచింది. భూమి సమస్య మీద కోనేరు రంగారావు కమిటీ వేశారు. ఆ కృష్ణా జిల్లా మంత్రి ఊరూరా తిరిగి 104 సిఫారసులు ఇచ్చారు. అవి ఇప్పటికీ చదవదగ్గవి. మీ జిల్లాలో వాటిలో ఎన్ని అమలయ్యాయో ఒక పేజీలో రాసి బయటపెట్టమని అడుగుతున్నాం.

శాంతి కమిటీలు మనకు ఉన్నాయి, వినాయక చవితికి వారం ముందు. టీ, ఉపన్యాసం, ఫొటో. అదే ఇరవైమంది పెద్దమనుషులు. దక్షిణాఫ్రికాలో 1991 సెప్టెంబరు 14న జాతీయ శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాక ఊరికో కమిటీ వేశారు. పోలీసు, పార్టీలు, చర్చి, వ్యాపారులు ఒకే బల్ల చుట్టూ. ఊరేగింపు ఏ దారిన పోవాలి, ఎక్కడ ఆగాలి, ఎవరు వలంటీర్లు, ముందే తేల్చేవారు. హింస పూర్తిగా ఆగలేదు, 1992లో పెద్ద హత్యాకాండలే జరిగాయి. అయినా 1993 ఏప్రిల్‌లో నల్లజాతి ఉద్యమ నేత క్రిస్ హానీని చంపినప్పుడు దేశం తగలబడకుండా నిలబడటంలో ఆ కమిటీల మనుషుల పాత్ర ఉంది. మన కమిటీలు నెలనెలా కూర్చోవాలి. వాటిలో ఆటో యూనియన్, ఆశా కార్యకర్త, హాస్టల్ వార్డెన్, కౌలుదారు, మూడు మతాల నుంచి ముప్పై ఏళ్ల లోపువాళ్లు ఉండాలి. వాట్సాప్‌లో ఒక పుకారు వస్తే అరగంటలో 'ఇది నిజం, ఇది కాదు' అని చెప్పే ఒక నంబరు ఉండాలి.

ఉద్యమ సంఘాల మిత్రులకూ ఇక్కడే ఒక మాట. 1900 నుంచి 2006 దాకా 323 ఉద్యమాలను లెక్కగట్టిన ఎరికా చెనోవెత్, మరియా స్టీఫన్, అహింసా ఉద్యమాల్లో 53 శాతం, సాయుధమైనవాటిలో 26 శాతం గెలిచాయని చూపారు. అహింసలో ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిరికివాళ్లు కూడా వచ్చి నిలబడగలరు గనుక. ఇది మన గుంటూరుకు కొత్త కాదు. 1921లో అప్పటి గుంటూరు జిల్లాలోని చీరాల పేరాల జనం పన్ను కట్టబోమని ఊరే ఖాళీ చేసి 11 నెలలు బయట పాకల్లో ఉన్నారు. పెదనందిపాడులో పన్నుల నిరాకరణకు శాంతి సేన వలంటీర్లు కాపలా కాశారు. మీరూ ప్రతి యాభైమందికి ఇద్దరు వలంటీర్లను పెట్టుకోండి, ఒకరు ముందు, ఒకరు వెనక. వెనకవాడే ముఖ్యం. డిమాండ్ల కాగితంలో వారంలో తీర్చగలిగినది ఒక్కటైనా రాయండి, ఎదుటివాళ్లకు మొదలుపెట్టే చోటు దొరుకుతుంది. మాట్లాడటానికి వెళ్లే ముగ్గురి పేర్లు ముందే ఇవ్వండి. బస్సు అద్దం పగిలితే ఎవరు చేశారో దాచకండి.

అధికారులారా, పేటలవారీ అర్జీల లెక్క ఎలా తీయాలో, అనుమతి నిరాకరణ నోటీసులో ఏం ఉండాలో, నెలవారీ శాంతి కమిటీ సభ్యత్వం ఎలా ఉండాలో మూడు నమూనా ఫారాలు తెలుగులో తయారుచేశాం. వచ్చే నెల మొదటి సోమవారం గుంటూరు కలెక్టరేటులో గ్రీవెన్స్‌కు అందరిలాగే లైన్లో నిలబడి అర్జీతోపాటు ఇస్తాం. రెండో సోమవారం విజయవాడలో, మూడో సోమవారం నరసరావుపేటలో. రశీదు ఇప్పించండి. జవాబు ఏ తేదీకి వస్తుందో ఆ రశీదు మీదే రాయించండి.

ఇట్లు,
గుంటూరు, విజయవాడల నుంచి,
శాంతి అధ్యయనంలో, తగాదాల పరిష్కారంలో పనిచేస్తున్న కొందరం